జుట్టు కుక్క

ఆ బడిలో డ్రాయింగ్ టీచర్‌ని పిల్లలు చాటుగా ‘ఛీ మేడమ్’ అని పిలుచుకునేవారు. పేరు బాగానే కుదిరింది. బెంచీ కింద ఎవరో అంటించిన బబుల్‌గమ్ వేలికి తగిలితే ఛీ. ఎన్నాళ్ళుగానో నీళ్ళలో నాని కుళ్ళిపోయిన బ్రష్ కనిపిస్తే ఛీ. ముక్కు తుడుచుకున్న చేత్తోనే కాగితం మీద మబ్బుల్ని అలికే పిల్లవాణ్ణి చూస్తే రెండు ఛీలు. ఆ మాట ఆవిడ నోట్లోంచి దగ్గులాగా వచ్చేసేది, ఆపుకుందామన్నా ఆగేది కాదు.

దానికి తగ్గట్టు ఆవిడకు ఇచ్చిన గది కూడా బాత్రూముల పక్కదే. ఎవరికీ అక్కర్లేని గదిని ఏం చేయాలో తోచక దానికి ఆర్ట్ రూమ్ అని బోర్డు పెట్టారు. కిటికీ తీస్తే ఫినాయిలు వాసన, మూస్తే చెమ్మ వాసన. ఆవిడ కిటికీ సగం తీసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పాఠం చెప్పేది.

అయితే అన్నిటికన్నా ఆవిడకు ఒళ్ళు జలదరించేది జుట్టును చూస్తేనే. తలమీద ఉన్న జుట్టుతో పేచీ లేదు, రాలిన జుట్టుతోనే. చిన్నప్పుడు ఇంటినిండా ఆడవాళ్ళే. నాయనమ్మ, మేనత్తలు, అక్కలు, అందరివీ బారెడు జడలు. స్నానాలగదిలో నీళ్ళు పోకుండా నిలిచిపోయినప్పుడల్లా, చేతులు సన్నగా ఉన్నాయన్న వంకతో, తూములో చెయ్యి పెట్టే పని ఇంట్లో అందరికన్నా చిన్నదైన ఆవిడ మీద పడేది. సబ్బు జిగురుతో, చల్లగా, ఎలుక తోకలా పైకి వచ్చే ఆ ఉండను తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ డోకు వస్తుంది. పెళ్ళయిన కొత్తలో భోజనంలో ఒక వెంట్రుక వచ్చిందని రెండురోజులు అన్నం ముట్టలేదు. “నీ వెంట్రుకే కదే!” అని మొగుడు నవ్వితే అతనితో కూడా మాట్లాడలేదు.

ఆ ఏడు తొమ్మిదో తరగతి వాళ్ళకు శిల్పం ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు ఆవిడ ఒకే ఒక్క నియమం పెట్టింది.

“మీ ఇంట్లో రోజూ పారేసేవాటితోనే చెయ్యాలి. ఒక్క వస్తువు కూడా కొనకూడదు. ఎవరి చేత చేయించకూడదు. వంకరగా వస్తే రానివ్వండి. మీ చేతివంకరే నాక్కావాలి. అర్థమైందా?”

“అర్థమైంది మేడమ్” అని క్లాసంతా ఒక్క గొంతుతో అంది. ఆ గొంతు వినగానే ఎవరికీ అర్థం కాలేదని ఆవిడకు అర్థమైంది.

తెచ్చి ఇవ్వాల్సిన రోజున ఆర్ట్ రూమ్ పెళ్ళిపందిరిలా మెరిసిపోయింది. ఐస్‌క్రీం పుల్లలతో మేడలు, వాటి మీద ఐస్‌క్రీం మరక ఒక్కటి లేదు. ప్లాస్టిక్ సీసాలతో రాకెట్లు, మూతలకు సీలు కూడా ఊడలేదు. కార్డుబోర్డు వంతెన అయితే ఇప్పుడే ఫ్యాక్టరీ నుంచి దిగినట్టుంది. విషయం ఏమిటంటే, బడి ఎదురుగా ఉన్న స్టేషనరీ కొట్టువాడు ఈ ప్రాజెక్టు సంగతి విని, ‘ఇక్కడ వేస్ట్ మెటీరియల్ దొరుకును’ అని అట్ట కట్టాడు. పారేసినవాటిని కూడా కొత్తవి కొనుక్కున్నారు పిల్లలు!

ముందు వరసలో ఒక కోట ఉంది. బురుజులు, మెట్లు, కిటికీకిటికీకీ లోపల లైటు. దాన్ని పట్టుకొచ్చిన పిల్లవాడు దాన్ని ఎటు తిప్పి పెట్టాలో తెలియక తికమకపడుతున్నాడు.

“ఈ బురుజు నిలబడటానికి లోపల ఏం పెట్టావురా?” అని అడిగింది ఆవిడ.

వాడు కోట వంక కొత్తగా చూశాడు. “లోపల ఏముందో నాకు తెలీదు మేడమ్.”

“మరెవరికి తెలుసు?”

“మా నాన్న ఆఫీసులో అంకుల్‌కి. ఆయన లీవు పెట్టి చేశాడు.”

ఆవిడకు నోరంతా చేదెక్కింది. పిల్లవాడి మీద కోపం రాలేదు. ఒక పెద్దమనిషి పిల్లవాడి ప్రాజెక్టు కోసం సెలవు పెట్టి, జిగురు పూసుకుంటూ కూర్చోవడం, ఆ పిల్లవాడి తండ్రి పక్కన నిలబడి బావుంది బావుంది అనడం, అదంతా కళ్ళకు కట్టింది. ఒక్కొక్క బల్లా దాటుకుంటూ వెళ్తుంటే అసలు ఈ గదిలో పిల్లలు చేసిందేమైనా ఉందా అని వెతుక్కోవాల్సి వచ్చింది.

చివరి బెంచీ దగ్గర ‘రబ్బరు’ నిలబడి ఉంది. గీసిన ప్రతి గీతనూ చెరిపి, మళ్ళీ గీసి, కాగితానికి చిల్లు పడేదాకా చెరిపే పిల్ల కాబట్టి ఆ పేరు వచ్చింది. క్లాసులో ఆ పిల్ల గొంతు ఎవరూ పెద్దగా విన్నది లేదు. కాళ్ళ దగ్గర పాత దుప్పటి కప్పిన పెద్ద మూట ఒకటి ఉంది.

“తియ్యి, చూద్దాం” అంది ఆవిడ.

రబ్బరు దుప్పటి లాగింది. పక్క బెంచీ అమ్మాయి కెవ్వున అరిచి గోడకు అతుక్కుపోయింది.

నేలమీద ఒక కుక్క ముడుచుకుని పడుకుని ఉంది. మొదట నిజం కుక్కే అనుకున్నారందరూ. తరువాత ఎవడో వంగి చూసి, “జుట్టురా! మనుషుల జుట్టు!” అన్నాడు. అంతే, క్లాసంతా ముక్కులు మూసుకుంది. ఒకడు కిటికీ దగ్గరికి పరిగెత్తి ఉత్తుత్తి వాంతులు మొదలుపెట్టాడు. వాణ్ణి చూసి ఇంకొకడు నిజంగానే చేసుకున్నాడు.

“ఎక్కడిది ఇదంతా?” ఆవిడ గొంతు ఆవిడకే వింతగా వినిపించింది.

“అమ్మ పార్లర్‌లోది మేడమ్. రోజూ ఊడ్చి పారేస్తాం.”

“ఛీ!” అనేసింది ఆవిడ. ఎప్పుడూ దగ్గులా వచ్చే ఛీ కాదది, పేగుల్లోంచి వచ్చింది. “తీసెయ్యి దాన్ని! ముందు వరండాలోకి తీసుకుపో!”

రబ్బరు కదల్లేదు. “మీరే కదా మేడమ్, ఇంట్లో పారేసేవే తెమ్మన్నారు. మాకు రోజూ పారేసేది ఇదే.”

ఆవిడ చెయ్యి మళ్ళీ వరండా వైపే చూపించింది. రబ్బరు కుక్కను రెండు చేతులతో ఎత్తుకుని, పసిపిల్లను మోసుకెళ్ళినట్టు మోసుకెళ్ళింది. ఆ రోజు తక్కిన పీరియడంతా ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. నిజానికి ఆ కుక్కను ఆవిడ తాకనైనా తాకలేదు.

బడి వదిలాక తాళం వేయడానికి వచ్చి చూస్తే రబ్బరు ఇంకా వరండాలోనే, కుక్క పక్కన కూర్చుని ఉంది. ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, దూరం నుంచే చూసింది. అంత దూరానికీ వచ్చింది షాంపూ వాసనే. కొంగు దించింది. ఇంకో అడుగు వేసింది.

చూడకుండా ఉండటం ఆవిడ చేతకాలేదు. వీపు మీద నల్లజుట్టు ఒత్తుగా, ఒకే వాలులో పరుచుకుని ఉంది. పొట్ట దగ్గరికి వచ్చేసరికి గోధుమరంగు. మూతి చుట్టూ నెరిసిన వెంట్రుకలు, ముసలి కుక్కలకు ఉన్నట్టే. వంగిన ఒక చెవి మీద మాత్రం రాగిరంగు కుచ్చు. కాలు మడిచిన చోట చర్మం ముడతపడినట్టు, ఊపిరి పీల్చి వదలబోతున్నట్టు, డొక్క దగ్గర చిన్న నొక్కు. ఆ నొక్కు దగ్గర డ్రాయింగ్ టీచర్ చూపు ఆగిపోయింది. ఆవిడ ఆర్ట్ కాలేజీలో ఉన్నన్నాళ్ళూ బంకమట్టితో అలాంటి నొక్కు కోసమే తంటాలు పడింది. రాలేదు. అయినా కొంగు మాత్రం మళ్ళీ ముక్కు మీదికి వెళ్ళింది.

“లోపల ఏం పెట్టావు?” అని అడిగింది.

“హ్యాంగర్లు మేడమ్, విరిగిపోయినవి. వాటి చుట్టూ న్యూస్‌పేపర్లు. పైన పిండి ఉడకబెట్టి జిగురు చేసి, జుట్టు అంటించాను. ముందు కడిగి ఆరబెట్టాను మేడమ్, మురికేం లేదు.”

“కుక్కే ఎందుకు?”

రబ్బరు కుక్కతో చెప్తున్నట్టు, దాని వంకే చూస్తూ చెప్పింది.

“మా పార్లర్ మెట్ల మీద ఒక కుక్క పడుకునేది మేడమ్. దానికి గజ్జి. ఒంటిమీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. అంతా ఎర్రగా, పొక్కులు పొక్కులుగా ఉండేది. వచ్చిన ఆంటీలందరూ ఛీ ఛీ అనేవాళ్ళు. కొందరు దాన్ని చూసి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. చివరికి అమ్మే ఫోన్ చేసి కుక్కల బండి పిలిపించింది. వాళ్ళు మెడకి వైరు వేసి ఈడ్చుకుపోయారు. ఆంటీలు లోపల జుట్టు కత్తిరించుకుంటూనే అద్దంలోంచి చూశారు.” ఆగి, పెదాలు తడుపుకుంది. “వాళ్ళ జుట్టంతా కిందే పడి ఉంది. మనం ఊడ్చి పారేసేదే కదా, దీనికి పెడితే ఏం పోయింది అనిపించింది.”

డ్రాయింగ్ టీచర్ తాళం చెవి వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడింది. ఆ తరువాత గది తలుపు మళ్ళీ తీసి, “లోపల పెట్టు. రాత్రి వాన పడేట్టుంది” అంది.

తల్లిదండ్రుల కోసం బడిలో ఆ ప్రాజెక్టుల ప్రదర్శన పెట్టారు. దాని ముందురోజు ప్రిన్సిపాల్ హాలంతా తిరిగి చూసి, కుక్క దగ్గర ఆగిపోయాడు. దాన్ని దేంతో చేశారో తెలియగానే రెండు అడుగులు వెనక్కి వేశాడు.

“ఏంటండీ ఇది, అసహ్యంగా! పేరెంట్స్ వస్తారు, చీఫ్ గెస్ట్ వస్తారు. వాసన రాదూ?”

“షాంపూ వాసన సార్.”

“అయినా సరే. తీయించెయ్యండి.”

“సార్, ఈ హాల్లో నేను చెప్పినట్టు పిల్లలు తమ చేత్తో చేసింది ఇదొక్కటే. దీన్ని తీయించేస్తే తక్కినవి ఎవరు చేశారో చీఫ్ గెస్ట్‌కి నేనే చెప్పాల్సొస్తుంది. ఆ కోట చేసిన అంకుల్‌ని కూడా స్టేజి మీదికి పిలుద్దాం, పాపం లీవు పెట్టుకున్నాడు.”

ప్రిన్సిపాల్ మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఎప్పుడూ తలూపి వెళ్ళిపోయే మనిషి ఇలా మాట్లాడుతుందని ఆయన అనుకోలేదు. చివరికి, “తలుపు పక్కన మూలకి పెట్టండి. పేరు చీటీ వద్దు” అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆవిడ దాన్ని బల్లమీద పెట్టనివ్వలేదు. తలుపు పక్కన నేలమీద, గోనెపట్టా పరిచి, కుక్కలు ఎలా పడుకుంటాయో అలాగే పెట్టించింది. రబ్బరే పెట్టింది. ఆవిడ దూరంగా నిలబడి, అటు జరుపు, ఇటు జరుపు అని చేత్తో చూపించింది.

మర్నాడు ముఖ్య అతిథిగా వచ్చింది పెద్ద బట్టల దుకాణం యజమాని. మెడలో దండతో హాల్లోకి అడుగుపెడుతూనే, “ఏయ్, పో! పో అవతలికి!” అని కాలు నేలకేసి తట్టాడు. కుక్క లేవలేదు. చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన కూడా తమాయించుకుని నవ్వేసి, “అబ్బో, ఏం చేశారండీ! అచ్చం పడుకున్నట్టే ఉంది” అంటూ వంగి, వీపు నిమిరాడు. “ఏం మెత్తగా ఉంది! ఏంటిది, ఊలా?”

“మనుషుల జుట్టండీ” అంది డ్రాయింగ్ టీచర్.

నిప్పు తగిలినట్టు ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. జేబురుమాలు తీసి వేళ్ళ సందులన్నీ తుడుచుకుని, ఆ జేబురుమాలును ఏం చేయాలో తెలియక ప్రిన్సిపాల్ చేతిలో పెట్టాడు. ప్రిన్సిపాల్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు. మెచ్చుకున్న నోరు, అసహ్యపడ్డ చెయ్యి ఒకే మనిషివి. మధ్యలో కుక్క ఏమీ మారలేదు, అక్కడే ఉంది.

అసలు గొడవ ఆ వెనక వచ్చింది. పేరెంట్స్ గుంపులోంచి రాగిరంగు జుట్టున్న ఒకావిడ కుక్క చెవి దగ్గర ఆగింది. చెవిని చూసింది. తన భుజం మీద పడ్డ జుట్టును ముందుకు లాక్కుని చూసుకుంది. మళ్ళీ చెవిని చూసింది.

“ఇది నా జుట్టు!” అని అరిచింది. “ఈ కలర్ నాకు తప్ప ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు! నా జుట్టు తీసుకెళ్ళి కుక్కకి పెడతారా?”

హాలంతా అటు తిరిగింది. రబ్బరు తల్లి జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. కూతురు దుప్పటి కప్పి ఏదో కుక్కను చేస్తోందని తెలుసు గాని, దేంతో చేసిందో ఆమెకు అప్పుడే తెలిసింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

“అమ్మగారూ, తప్పయిపోయిందండీ, చిన్నపిల్ల, తెలీక...” అంటూ రాగిజుట్టావిడ చేతులు పట్టుకుంది. ఆవిడ విదిలించుకుంది. తల్లి కూతురి వైపు తిరిగి రెక్క పట్టుకుని గుంజింది. “నా బతుకు బజారున పెట్టావు కదే! రేపట్నించి నా గుమ్మం ఎవరు తొక్కుతారే?”

“ఛీ, తలుచుకుంటేనే కంపరంగా ఉంది” అంటోంది రాగిజుట్టావిడ, చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడేలా. “ఎవరిదో ఏంటో ఆ జుట్టంతా!”

“మీదేనండీ” అంది డ్రాయింగ్ టీచర్. ఆవిడ గొంతు పెద్దదేమీ కాదు, కానీ అందరికీ వినపడింది. “మొన్నటిదాకా మీ నెత్తి మీదే ఉంది. అద్దంలో చూసుకుని మురిసిపోయారు కూడా. ఇంతలోనే కంపరం పుట్టుకొచ్చిందా?”

రాగిజుట్టావిడ నోరు తెరిచింది, మాట రాలేదు. గిరుక్కున తిరిగి ప్రిన్సిపాల్ దగ్గరికి నడిచింది. అక్కడ ఆవిడకు మాటలు బాగానే దొరికాయి.

బహుమతుల వేళకు తలుపు పక్కన గోనెపట్టా ఖాళీగా ఉంది. మొదటి బహుమతి కోటకు ఇచ్చారు. పేరు పిలవగానే పిల్లవాడికన్నా ముందు వాళ్ళ నాన్న లేచాడు. చప్పట్లు మోగుతుంటే డ్రాయింగ్ టీచర్‌కు ఆ హాల్లో ఊపిరాడలేదు. సెంటు వాసన, దండల వాసన, కొత్త అట్టల వాసన, అన్నీ కలిసి ముక్కుకు కొట్టాయి. వెనక తలుపు నుంచి బయటికి వచ్చేసింది.

కుక్క చెత్తకుండీ మీద బోర్లా పడి ఉంది. పక్కన తాగి పారేసిన టీ కప్పులు. టీ కారి పొట్ట దగ్గర జిగురు కరిగి, జుట్టు తడిసి, ముద్దగా, సన్నటి తోకలా వేలాడుతోంది. అచ్చం ఆ తూములోంచి వచ్చేదానిలాగే ఉంది. ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. కుండీ అవతల రబ్బరు నిలబడి ఉంది. ఏడవడం లేదు, ముందుకు రావడం లేదు. ఈ పని ఎవరు చేస్తారో చూస్తున్నట్టు నిలబడింది.

డ్రాయింగ్ టీచర్ కొంగు నడుముకు దోపుకుంది. ఊపిరి బిగబట్టి, రెండు చేతులూ కుక్క కిందికి పోనిచ్చి, ఎత్తి గుండెలకు ఆనించుకుంది. తడి జుట్టు మోచేతికి అంటుకుంది. ఒళ్ళంతా పాకినట్టయింది. కడుపులోది గొంతుదాకా వచ్చింది, మింగేసింది. వదలలేదు.

అలా ఆర్ట్ రూమ్‌దాకా నడిచి, దాన్ని బల్లమీద పడుకోబెట్టి, అప్పుడు పక్కనున్న బాత్రూముకు పరిగెత్తి వాంతి చేసుకుంది.

మొహం కడుక్కుని వచ్చేసరికి గదిలో రబ్బరు తల్లి ఉంది. కూతురి కోసం వెతుక్కుంటూ వచ్చి, బల్ల దగ్గర ఆగిపోయింది. జుట్టును తాకడం ఆమెకు కొత్త కాదు. నొసలు ముడిచి, వేళ్ళతో పొట్ట దగ్గరి తడిని పిండి, చిక్కు తీసి, అలవాటుగా ఒక పక్కకు దువ్వింది. చెవి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

“ఈ చెవి కాదు వంగి ఉండేది” అంది చిన్నగా. “రెండోది.”

“నీకెలా తెలుసు?” అంది రబ్బరు. అమ్మతో అలా నిలదీస్తున్నట్టు మాట్లాడటం అదే మొదటిసారి కావచ్చు.

“రోజూ పొద్దున్నే షట్టరు తీసేదాన్ని నేనే కదే.” తల్లి చెవిని పట్టుకుని కాసేపు అలాగే ఉంది. “వైరు వేసినప్పుడు నా వైపే చూసింది. నేను లోపలికి వెళ్ళిపోయాను.” తరువాత ఒక్కసారిగా చేతులు దులుపుకుంది. “ఇంటికి మాత్రం తేవద్దు. ఉన్న కస్టమర్లు కూడా పోతారు.” కూతుర్ని రమ్మనలేదు, తనొక్కతే బయటికి వెళ్ళి వరండాలో నిలబడింది.

ఆ మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో రాగిజుట్టావిడకు క్షమాపణ చెప్పమన్నారు. డ్రాయింగ్ టీచర్ చెప్పలేదు. ఆ పై నెల నుంచి తొమ్మిదో తరగతికి ఉన్న రెండు డ్రాయింగ్ పీరియడ్లలో ఒకటి లెక్కల మాస్టారికి వెళ్ళిపోయింది. తల్లిదండ్రుల్లో ఎవరూ దాని గురించి అడగలేదు. రాగిజుట్టావిడ పార్లర్ మార్చింది. ఆమె స్నేహితురాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా మార్చారు. తక్కినవాళ్ళు వస్తూనే ఉన్నారు.

కుక్క ఆర్ట్ రూమ్‌లో బీరువా పక్కన ఉండిపోయింది. చిన్న క్లాసుల పిల్లలు మొదట్లో ముక్కు మూసుకుని దాని చుట్టూ తిరిగేవారు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గియ్యండిరా అని ఎంత మొత్తుకున్నా వినని పిల్లలు, ఎవరూ చెప్పకుండానే దాన్ని గీయడం మొదలుపెట్టారు. ఒకడు దానికి రెక్కలు పెట్టాడు. ఒక పిల్ల పొక్కులు పెట్టి, ఎర్రరంగు పులిమి, పక్కన దువ్వెన గీసింది.

చెమ్మ గది కదా, పిండి జిగురుకు వానాకాలంలో బొద్దింకలు పట్టాయి. ఒక సాయంత్రం పొట్ట కింద నుంచి ఒకటి బిరబిరా పాకడం చూసి డ్రాయింగ్ టీచర్ కుర్చీ ఎక్కింది. అలా కాసేపు కుర్చీమీదే నిలబడి, దీన్ని బయట పడేయమని ఎవరికైనా చెప్పడానికి నోరు తెరిచి, మూసింది. కిందికి దిగింది. లావు బ్రష్ ఒకటి తీసుకుంది. బడి వదిలాక కుక్క దగ్గరికి వచ్చే రబ్బరు అప్పటికే దాన్ని బల్లమీదికి ఎత్తి, వెల్లకిలా తిప్పి, ముందుకాళ్ళు పట్టుకుని ఉంది.

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుని, చెయ్యి మాత్రం చాచి, గుడ్డిగా బ్రష్ ఆడించసాగింది.

“ఛీ... ఛీ... పోయిందా?”

“పోలేదు మేడమ్. ఇటు చూసి చెయ్యండి, కుక్కని కింద పడేస్తున్నారు.”

ఆవిడ పళ్ళు బిగించి ఇటు తిరిగింది. పొట్టమీది జుట్టును ఎడమచేత్తో పాయ తీసి పట్టుకుని, కళ్ళు తెరిచి, మొదలంటా వెతకసాగింది.